జబ్బు శ్రమ కిందకి వస్తుందా? బైబిల్ వాక్యంలో మీరే చూసి తేల్చుకునే పద్ధతి

మా పిన్నికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఎడమ చేతికి వేసిన ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) మీద వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు గుయ్యిమంటుంది. నాలుగు గంటలు మెషీన్ మీద ఉండి ఇంటికొచ్చాక ఆమె చేసే మొదటి పని అక్కడ వేలు పెట్టి ఆ చప్పుడు ఉందో లేదో చూసుకోవడం. నీళ్లు కూడా చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకునే తాగాలి, విశాఖ మే నెల ఉక్కపోతలో కూడా. కిందటేడు ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాల్లో మా వీధి గృహకూడికకి వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక బ్రదర్ గారు, శ్రమ అంటే క్రీస్తు నామం కోసం పడే హింస ఒక్కటే, జబ్బు శ్రమ కాదు, అది విశ్వాసంతో వదిలించుకోవలసినది తప్ప మోయవలసినది కాదు అని గట్టిగా చెప్పారు. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను. ఆ రాత్రి దీపం ఆర్పేశాక పిన్ని మంచం మీద లేచి కూర్చుని, "అయితే మరి నాదేటమ్మా? నాది ఏ లెక్కలోకీ రాదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చాలా నెలలు, ఎక్కువగా ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చునే, ఈ ఒక్క విషయం కోసం కొత్త నిబంధన తిరగేశాను. ఎలా వెతికానో, ఏ వచనం ఎంత బరువు మోస్తుందో, ఏది మోయదో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇదే అడిగితే ఇంకొకరి ఆమెన్ మీద ఆధారపడకుండా మీరే బైబిల్ తెరిచి చూపించగలగాలి, అందుకే ఇదంతా.

నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. వాక్యంలో కొన్నిచోట్ల శ్రమ అంటే హింసే, అక్కడ జబ్బును ఇరికించకూడదు. కొన్నిచోట్ల ఆ మాట జబ్బునీ కలుపుకునే ఉంది, అక్కడ జబ్బుమనిషిని బయటికి తోయకూడదు. ఏ చోట ఏదన్నది వచనం పక్కన కూర్చుని చూడాల్సిందే, అన్నిటికీ కలిపి ఒకే సూత్రం పెట్టుకుంటే తప్పుతాం.

ముందు ప్రశ్నని విడదీయండి

ఈ విషయంలో గొడవ ఎక్కువగా ఎక్కడ వస్తుందంటే, మూడు ప్రశ్నలు కలిపేసి ఒకటే అనుకుంటాం. శ్రమ అన్న మాటలో జబ్బు ఉందా అన్నది ఒకటి. శ్రమపడేవాళ్లకి దేవుడిచ్చిన వాగ్దానాలు, మహిమ, ఆదరణ, ఇవి జబ్బుమనిషికి కూడా వర్తిస్తాయా అన్నది ఇంకొకటి. దేవుడు జబ్బు బాగుచేస్తాడా, బాగుచెయ్యమని అడగాలా అన్నది పూర్తిగా వేరే. మూడోదానికి నా జవాబు అవును, అడగాలి, రోజూ అడగాలి. పిన్ని కోసం మేం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. కానీ స్వస్థత కోసం అడగడం వేరు, స్వస్థత ఇంకా రాలేదు కాబట్టి నీ బాధకి వాక్యంలో చోటు లేదు అనడం వేరు. వాక్యం చెప్పినాయన మూడో ప్రశ్నకి తన జవాబు పట్టుకుని మొదటి రెండూ కూడా తేల్చేశారు. మీరు నోట్‌బుక్‌లో మూడు పేజీలు వేరుగా పెట్టుకోండి, చదివే ప్రతి వచనం ఏ పేజీలోకి వెళ్తుందో చూసి అక్కడే రాయండి. ఇది చిన్న పనే, కానీ సగం టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది.

మాట వెనక మాట

మన బైబిల్‌లో శ్రమ, బాధ, ఇబ్బంది, వేదన, హింస, శోధన, బలహీనత అని ఎన్నో మాటలున్నాయి, కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకులో ఒకే మాట ఉన్నచోట తెలుగులో ఒక్కోసారి రెండు మూడు మాటలు వాడారు. కాబట్టి తెలుగు మాట ఒక్కటే పట్టుకుని వాదిస్తే దారి తప్పుతాం. గ్రీకు నంబర్లు చూపించే బైబిల్ యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకోండి. 1890లో వచ్చిన స్ట్రాంగ్ పదసూచికలో ప్రతి గ్రీకు మాటకీ ఒక నంబరు ఉంటుంది, గ్రీకు రాకపోయినా ఆ నంబరుతో మాటని పట్టుకోవచ్చు. మీకు కావలసినవి నాలుగైదే. 2347 త్లిప్సిస్, ఒత్తిడి, నలుగుడు. 3958 పాస్ఖో, బాధ అనుభవించడం. 1375 దియోగ్మోస్, తరిమి తరిమి హింసించడం. 769 అస్తెనేయ, బలహీనత, జబ్బు.

ఇప్పుడు త్లిప్సిస్ వెంట వెళ్లండి. యోహాను 16:33లో "లోకములో మీకు శ్రమ కలుగును" అని ప్రభువు అన్న మాట మనందరికీ కంఠతా వచ్చు, అక్కడున్నది ఇదే. అదే అధ్యాయంలో పన్నెండు వచనాలు పైకి వెళ్లి 21 చూడండి. బిడ్డ పుట్టాక తల్లి మరిచిపోయే ప్రసవ వేదన గురించి చెబుతూ ప్రభువు వాడిన మాట కూడా ఇదే త్లిప్సిస్, తెలుగులో వేదన అని ఉంది కాబట్టి మన కంటికి ఆనదు. కాన్పు నొప్పి పడుతున్న స్త్రీని ఎవరూ హింసించడం లేదు కదా. యాకోబు 1:27లో దిక్కులేని పిల్లలనీ విధవరాండ్రనీ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించాలని ఉంది, ఆ ఇబ్బంది కూడా ఇదే మాట. అపొస్తలుల కార్యములు 7:11లో స్తెఫను యాకోబు కాలంనాటి కరువు గురించి చెబుతూ వాడింది కూడా ఇదే. ఇది నాకు కనబడిన రోజు నేను బెంచీ మీంచి లేచి వరండా ఆ చివర దాకా నడిచి వచ్చాను, కూర్చోలేకపోయాను.

పాస్ఖో కూడా అంతే. పేతురు హింస గురించి రాసినప్పుడు మళ్లీ మళ్లీ వాడిన మాట ఇది. మార్కు 5:26లో పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ అనేకమంది వైద్యుల చేతుల్లో ఎన్నో తిప్పలు పడిందని ఉంది చూడండి, ఆ తిప్పలు పడడం అన్నది ఇదే పాస్ఖో. ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని, ఏం గుణం లేక, ఇంకా ఎక్కువైందట. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిరిగిన ఎవరికైనా ఆ వచనం వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాట వెడల్పుగా ఉందంటే ప్రతిచోటా అంత వెడల్పు అర్థం ఉన్నట్టు కాదు. తెలుగులో దెబ్బ అంటే ఒంటికి తగిలేదీ కావచ్చు, వ్యాపారంలో తగిలేదీ కావచ్చు, ఏదో వాక్యాన్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి మాట చూడడంతో పని అయిపోలేదు, తలుపు తెరుచుకుంది, అంతే.

హింస అన్నచోట హింసనే ఉండనివ్వండి

వచనానికి పైన పది, కింద పది వచనాలు చదవడం రెండో అలవాటు. మత్తయి 5:10-12లో నీతి నిమిత్తం హింస, నింద, అబద్ధపు మాటలు. అది హింస గురించే, జబ్బు గురించి కాదు. ఫిలిప్పీ 1:29లో క్రీస్తు పక్షాన శ్రమపడడం కూడా మీకు అనుగ్రహించబడింది అని ఉంది, ఆగకుండా తర్వాతి వచనం చదివితే, నాలో మీరు చూసిన పోరాటమే మీకూ ఉందంటాడు పౌలు. ఫిలిప్పీవాళ్లు ఆయనలో చూసిందేంటి? బెత్తం దెబ్బలు, చెరసాల, కాళ్లకి బొండ. మొదటి పేతురు 4 కూడా ఇంతే. క్రైస్తవుడైనందుకు బాధపడితే సిగ్గుపడొద్దు అంటూనే, హంతకుడిగానో దొంగగానో బాధపడే పరిస్థితి తెచ్చుకోవద్దు అంటాడు. అక్కడ మాట ఎవరో మనిషి మన మీద చేసేదాని గురించి, ఎందుకు చేస్తున్నాడన్న దాని గురించి.

ఈ విషయంలో ఆ బ్రదర్ గారు చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మన సంఘాల్లోనే బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటి గడప తొక్కనివ్వని ఆడపిల్లలున్నారు, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చినవాళ్లున్నారు. పేతురు రాసింది ముందు వాళ్లకి. మన షుగరూ బీపీలకి ఆ వచనాలు తగిలించేసుకుంటే వాళ్ల వంతు మనం తీసేసుకున్నట్టే అవుతుంది. సిలువ ఎత్తుకోవడం గురించి కూడా నా అభిప్రాయం ఇదే. మోకాళ్ల నొప్పులు నా సిలువ అంటుంటారు చాలామంది. లూకా 9:23లో ప్రతిదినం ఎత్తుకోమన్న సిలువ మనం కావాలని, ఆయన వెనక నడవడం కోసం భుజానికెత్తుకునేది. మోకాళ్ల నొప్పి అడక్కుండా వచ్చి పడింది. అదీ బరువే, కానీ దాని పేరు వేరు.

జాబితాలు లెక్కపెట్టండి

పౌలుకి జాబితాలు రాసే అలవాటుంది, ఇవి మనకి బాగా పనికొస్తాయి. రోమా 8:35లో క్రీస్తు ప్రేమనుంచి మనల్ని వేరు చెయ్యలేనివి ఏడు చెప్పాడు: శ్రమ, బాధ, హింస, కరువు, వస్త్రహీనత, ఉపద్రవం, ఖడ్గం. శ్రమ అంటే హింసే అయితే రెంటినీ పక్కపక్కన విడిగా ఎందుకు రాస్తాడు? ప్రభువు కూడా విత్తనాల ఉపమానంలో, మత్తయి 13:21లో, శ్రమైనా హింసైనా అని రెండూ విడివిడిగా అన్నాడు. రెండో కొరింథీ 11లో పౌలు తన కష్టాలు ఏకరువు పెడతాడు. యూదుల చేతిలో ఐదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు, అది హింస, ఒప్పుకుంటాం. మూడుసార్లు ఓడ పగిలింది, ఒక రాత్రీ పగలూ సముద్రంలో గడిపాడు, దాన్నేమంటాం? సముద్రం ఆయన్ని సువార్త చెప్పినందుకు హింసించిందా? నిద్రలేమి, ఆకలి, చలి, ఇవన్నీ ఒకే వరసలో ఉన్నాయి, వాటి మధ్య ఆయన గీత గీయలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మా ప్రార్థనామందిరం రేకులు ఎగిరి పక్క వీధిలో పడ్డాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, చెట్టన్నది నిలబడలేదు. తర్వాతి ఆదివారాల్లో సాక్ష్యం చెప్పినవాళ్లందరూ ఈ శ్రమలో దేవుడు మాతో ఉన్నాడనే చెప్పారు, అది శ్రమ కాదమ్మా హింస ఒక్కటే శ్రమ అని అప్పుడెవరూ లేచి సరిదిద్దలేదు. మనం ఒక మాట ఎలా వాడతామన్నది వాక్యానికి రుజువు కాదు, అది నాకు తెలుసు. అయినా తుఫానుకి ఒప్పుకున్న మాటని కిడ్నీకి ఎందుకు ఒప్పుకోమో ఒకసారి ఆలోచించండి.

రోమా 8 దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

ఈ మొత్తం విషయంలో ఒక్క అధ్యాయమే చదవడానికి టైముందంటే ఇది చదవండి, అదీ 17 నుంచి 27 దాకా, గట్టిగా, ఆగి ఆగి. 17లో ఆయనతోకూడా శ్రమపడితే ఆయనతోకూడా మహిమ పొందుతామని ఉంది. హింస ఒక్కటే అనేవాళ్లు ఇక్కడే ఆగుతారు, ఇక్కడే ఆగితే వాళ్లు చెప్పింది కరెక్టే అనిపిస్తుంది. 18లో పౌలు "ఇప్పటి కాలపు శ్రమలు" అంటాడు, ఎవరో చేసే శ్రమలు అనలేదు, కాలం మొత్తానికి చుట్టిన మాట అది. ఆ శ్రమలేంటో తర్వాత తానే విప్పి చెబుతాడు. సృష్టి వ్యర్థతకి లోబడింది, నాశనానికి దాస్యం చేస్తోంది, అంతా కలిసి మూలుగుతోంది, ప్రసవ వేదన పడుతోంది. 23లో అంతేకాదు అంటూ, ఆత్మ ప్రథమ ఫలాలు పొందిన మనం కూడా లోలోపల మూలుగుతున్నాం అంటాడు. దేనికోసం? "మన దేహముయొక్క విమోచనముకొరకు."

దేహం. ఈ మాట దగ్గర ఆగండి. పౌలు ఇక్కడ శత్రువుల చేతిలోంచి విడుదల అని రాయొచ్చు, చెరసాలలోంచి విడుదల అని రాయొచ్చు, ఆయనకి ఆ రెండూ తెలుసు. దేహానికి విడుదల అన్నాడు. పాడైపోయే ఒళ్లు, అరిగిపోయే ఒళ్లు, వడకట్టడం మానేసిన మూత్రపిండాలున్న ఒళ్లు. పైగా మూలుగుతున్నది విశ్వాసం లేనివాళ్లు కాదు, ఆత్మను పొందినవాళ్లే. మూలుగు విశ్వాసం లేదనడానికి గుర్తు అయితే ఈ వచనం ఇలా ఉండేది కాదు. 26లో ఇంకా ఒక మెట్టు దిగి, ఎలా ప్రార్థన చెయ్యాలో తెలియని మన బలహీనతలో ఆత్మే మూలుగులతో విజ్ఞాపన చేస్తాడంటాడు. అక్కడి బలహీనత మీరు యాప్‌లో నొక్కితే 769, అస్తెనేయ. ఆ మాట ఇక్కడ జబ్బుకే పరిమితం అని నేను అనను, కానీ జబ్బుకి వాడే మాటే ఇక్కడా వాడాడు.

రెండో కొరింథీ 4:8 నుంచి 5:5 వరకు దీనికి జతగా చదువుకోండి. అక్కడ హింసలోంచే మొదలవుతాడు, తరమబడినా దిక్కులేనివాళ్లం కాము అంటాడు, అక్కణ్ణించి బాహ్య పురుషుడు కృశించడంలోకి, గుడారంలో మూలగడంలోకి మాట దానంతటదే జారిపోతుంది. పౌలు దృష్టిలో రాళ్ల దెబ్బ తిన్న ఒళ్లూ ముసలిదైపోయే ఒళ్లూ ఒకటే ఒళ్లు.

జబ్బుపడిన విశ్వాసుల్ని పేరుపేరునా పలకరించండి

కొత్త నిబంధనలో జబ్బుపడిన మంచి విశ్వాసులున్నారు, ఎవరినీ పౌలు తిట్టలేదు. గలతీయులకి మొదటిసారి సువార్త చెప్పింది తన శరీర దౌర్బల్యం వల్లే అని ఆయనే రాశాడు, గలతీ 4:13. పౌలు శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు, తరచూ వచ్చే బలహీనతలు. పౌలు ఇంకాస్త విశ్వాసం పెంచుకో అనలేదు, ద్రాక్షారసం కొంచెం పుచ్చుకో అన్నాడు, ఆ రోజుల్లో అది మందు. ఫిలిప్పీ సంఘం పౌలుకి సాయంగా పంపిన ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లాడు, ఫిలిప్పీ 2. దేవుడు కనికరించాడు, లేకపోతే నాకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదంటాడు పౌలు, అతను క్రీస్తు పని కోసమే చావుకి దగ్గరైపోయాడు కాబట్టి అలాంటివాళ్లని ఘనపరచండి అంటాడు. చూడండి, అతన్నెవరూ కొట్టలేదు. జబ్బు చేసింది, ఆ జబ్బుని క్రీస్తు పని లెక్కలో రాశాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు మన ఊరి సంగతే గుర్తొస్తుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చి దిగారు, ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తలు తెలుగులోకి మార్చారు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఇద్దరూ లేరు, క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో, జబ్బు చేసి పోయారు. వాళ్లు పడింది శ్రమ కాదని మన తెలుగు బైబిల్ చేత్తో పట్టుకుని ఎవరం అనగలం?

ముల్లు సంగతి మాత్రం జాగ్రత్త. రెండో కొరింథీ 12లో పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందనగానే మనం కళ్ల జబ్బనో ఇంకోటనో చెప్పేస్తాం. అది జబ్బు కావచ్చు, శరీరంలో అన్నాడు కాబట్టి నాకూ అటే మొగ్గు. కానీ సాతాను దూత అని కూడా అన్నాడు, సంఖ్యాకాండం 33:55లో శత్రువులనే ముళ్లతో పోల్చారు, కాబట్టి తన వెంటపడ్డ విరోధుల్ని అన్నాడనేవాళ్లకీ ఆధారం ఉంది. మీ వాదనంతా ఈ ముల్లు మీదే నిలబెట్టకండి. దాన్ని పక్కన పెట్టేసి చూడండి, పైన చెప్పినవన్నీ అలాగే నిలబడతాయి. "నా కృప నీకు చాలును" అని ప్రభువు పౌలుతో అన్న మాట మాత్రం ముల్లు ఏదైనా సరే అలాగే ఉంటుంది.

గట్టి అభ్యంతరం: యాకోబు 5

జబ్బు శ్రమ కాదనేవాళ్ల దగ్గరున్న అసలైన బలమైన వచనం ఇదే, దీన్ని తప్పించుకోకండి. 13లో మీలో ఎవరికైనా శ్రమ వచ్చిందా, ప్రార్థన చెయ్యాలి. సంతోషంగా ఉన్నారా, కీర్తనలు పాడాలి. 14లో ఎవరైనా రోగై ఉన్నారా, సంఘపు పెద్దల్ని పిలిపించాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థన చెయ్యాలి. శ్రమ వేరు, రోగం వేరు అని యాకోబే చెప్పాడు కదా అంటారు. నిజమే, ఇక్కడ వేరు చేశాడు. ఎందుకు వేరు చేశాడో చూస్తే, ఎవరేం చెయ్యాలో చెప్పడానికి. శ్రమలో ఉన్నవాడు లేచి తానే ప్రార్థన చేసుకోగలడు, మంచం పట్టినవాడు కూడికకి రాలేడు, అందుకే మీరే వెళ్లండి అంటున్నాడు. రోగిని పక్కన పెట్టలేదు, ఇంటికి మనుషుల్ని పంపాడు.

ఇంకో రెండు మూడు వచనాలు పైకి వెళ్లండి. శ్రమానుభవానికీ ఓపికకీ మాదిరిగా 10లో ప్రవక్తల్ని చూపించి, వెంటనే 11లో యోబు సహనం గురించి విన్నారు కదా అంటాడు. ప్రవక్తల్ని మనుషులు హింసించారు. యోబుని? పశువులు పోయాయి, పిల్లలు పోయారు, అరికాలినుంచి నడినెత్తి దాకా కురుపులు లేచి, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కున్నాడు. ప్రవక్తలూ యోబూ ఒకే ఊపిరిలో. నాకు ఇంతకంటే స్పష్టమైన చోటు ఇంకెక్కడా దొరకలేదు. పైగా యోబు కథలో అసలు పరీక్ష ఏంటి, ఒళ్లు పాడైతే ఇతను దేవుణ్ణి వదిలేస్తాడా లేదా అని. రాళ్లు పట్టుకున్న గుంపు ముందు నిలబడ్డవాడికీ పరీక్ష అదే కదా.

యెషయా 53 గురించి ఒక్క మాట. ఆయన మన రోగాలు భరించాడన్న 4వ వచనాన్ని మత్తయి 8:17 జబ్బులు బాగుచెయ్యడానికి ముడిపెట్టాడు, ఆయన దెబ్బల వల్ల స్వస్థత అన్న 5వ వచనాన్ని మొదటి పేతురు 2:24 పాపంనుంచి విడుదలకి ముడిపెట్టాడు. రెండూ ఉన్నాయి, ఒకటి చూపించి రెండోది దాచకూడదు. పాపం వల్లే జబ్బు వచ్చిందా అంటే, ఒకటో కొరింథీ 11:30లో అలా వచ్చినవాళ్లున్నారు, యోహాను 9:3లో వీడూ పాపం చెయ్యలేదు, వీడి కన్నవాళ్లూ చెయ్యలేదని ప్రభువే అన్నవాడూ ఉన్నాడు. ఎవరిది ఏదో చెప్పే పని మనకి ఎవరూ అప్పగించలేదు.

మంచం దగ్గరికి వెళ్లినప్పుడు

ఇంత చదివాక దాన్నంతా పట్టుకెళ్లి జబ్బుమనిషి మీద కుమ్మరించకండి. ముందు ఫోన్ చేసి రావచ్చా అని అడగండి, డయాలిసిస్ అయిన రోజు మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఇద్దరికి మించి వెళ్లొద్దు. కిడ్నీ పేషెంట్ అయితే కొబ్బరిబోండాలూ అరటిపళ్లూ పట్టుకెళ్లకండి, పొటాషియం పడదు, ప్రేమగా తెచ్చారని మొహమాటానికి తింటే గుండె మీదకొస్తుంది. ఒక్క భాగమే చదవండి. కీర్తన 41:3 బాగుంటుంది, రోగశయ్య మీద యెహోవా ఆదరిస్తాడని. ఏడవాలనిపించే రోజున కీర్తన 6. స్వస్థత కోసం స్పష్టంగా, జబ్బు పేరు పెట్టి ప్రార్థించండి, మందులు ఆపమని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అనకండి, తిమోతికి మందు చెప్పినవాడు అపొస్తలుడు. మీకు విశ్వాసం ఉంటే లేచేవారు అన్న మాట నోటి చివరిదాకా వచ్చినా మింగేయండి. ఆ మాట విన్నాక మా పిన్ని రెండు వారాలు కూడికకి రాలేదు, కాళ్లు వాచాయని చెప్పింది, నేనూ నమ్మాను.

నేను రాసుకున్నదంతా అయ్యాక ఒక సాయంత్రం పిన్ని పక్కన కూర్చుని రోమా 8, తర్వాత ఎపఫ్రొదితు, ఆఖరికి రెండో తిమోతి 4:20 చదివాను. తనతో తిరిగిన త్రోఫిము రోగి అయ్యాడు, అతన్ని మిలేతు ఊళ్లో విడిచి వచ్చాను అని పౌలు అక్కడ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. పిన్ని ఫిస్టులా మీద వేలు పెట్టుకుని వింటోంది. రోమా 8:23 రెండుసార్లు చదివించుకుంది. ఎపఫ్రొదితు దగ్గర, బాగయ్యాడు పోనీలే అంది. త్రోఫిము దగ్గర ఆగమంది. అతనికి తర్వాత ఏమైందని అడిగింది, బైబిల్‌లో రాయలేదు పిన్నీ అన్నాను. కాసేపు ఊరుకుంది. "మరి మిలేతులో అతన్ని ఎవరు చూసుకున్నారో" అని, గ్లాసులో మిగిలిన నీళ్లు సగం తాగి, మిగతాది రాత్రికని మూత పెట్టింది.